మిగిలిన ప్రమాదం

ఆయన బాప్తిస్మం తీసుకున్న రోజున తొట్టిలోకి దిగబోతూ నీళ్లెంత లోతని అడిగాడట. నడుం దాకా వస్తాయని పాస్టరుగారు చెప్పినా నమ్మలేదట. పక్కనున్న కర్ర తీసుకుని ముంచి చూసుకున్నాకే మెట్టు దిగాడట. ఈ సంగతి చెప్పేది స్వయానా ఆయన భార్యే కాబట్టి అబద్ధమై ఉండదు.

సంఘంలో అందరూ ఆయన్ని 'జాగ్రత్తగారు' అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత్తర్వాత ముఖం మీదే అనడం మొదలుపెట్టారు. ఆయనకు కోపం వచ్చేది కాదు. ముప్పై ఎనిమిదేళ్లు బీమా సర్వేయరుగా పనిచేసిన మనిషి. తగలబడ్డ గోదాములూ కూలిన గోడలూ బోల్తాపడ్డ లారీలూ చూసీ చూసీ, లోకంలో నిలబడి ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒక రోజు మనిషి మీద పడడానికే నిలబడి ఉందని ఆయన గట్టి నమ్మకం.

రిటైరయ్యాక ఆ జాగ్రత్త మొత్తం మందిరానికి దక్కింది. ఆయన రిపోర్టు రాసి ఇచ్చాక పిల్లల విహారయాత్ర ఆగిపోయింది. మందిరం పక్కనున్న హాలు కిటికీలకు, దొంగల భయంతో, మేకులు కొట్టి మూసేశారు. ప్రహరీ గోడకు బయటివైపు మోకాలెత్తున అరుగులాంటి అంచు ఉండేది. వచ్చేపోయేవాళ్లు కూర్చుని చెత్త వేస్తున్నారని, ఆయన సలహా మీదే దాని పొడుగునా ఇనుప మొలలు పాతించారు. కమిటీకి ఆయన పెద్ద వరం. కాదనడానికి మొహమాటం అడ్డొచ్చే ప్రతి పనికీ ఆయన రిపోర్టు ఒకటి సిద్ధంగా ఉండేది. "జాగ్రత్తగారే వద్దన్నాక ఇంకేముంది" అని అందరూ చేతులు దులుపుకునేవారు.

మందిరానికి ఎదురుగా, రోడ్డు దాటితే, క్షయ ఆసుపత్రి. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఎనిమిది నెలలు ఆ రోడ్డును చూసి చూసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ముందు మాట బయటపెట్టాడు.

"పొద్దున తొమ్మిదింటికి రోగుల బంధువులందర్నీ బయటికి పంపేస్తున్నారండీ. మళ్లీ నాలుగింటికి గాని లోపలికి రానివ్వరు. అందాకా వాళ్లు ఎండైనా వానైనా రోడ్డు మీదే. మన హాలేమో వారానికి ఆరు రోజులు తాళం వేసుంటోంది. తెరుద్దాం. కుర్చీ, మంచినీళ్లు, ఒక బాత్రూం. అంతకంటే ఏమీ అడగను."

కార్యదర్శి ఒక స్కూలు హెడ్మాస్టరు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయ్యగారూ, అది క్షయండీ. జలుబూ పడిశం కాదు."

"వచ్చేది రోగులు కాదు కదండీ, వాళ్లవాళ్లు."

"రోగి మంచం పక్కన కూర్చున్నవాడు సగం రోగే."

పాస్టరుగారు ఇంకేదో అనబోయేలోగా ఎవరో ఆ మాట అననే అన్నారు. "జాగ్రత్తగారు ఒకసారి చూసి రిపోర్టు ఇస్తే సరి." గదిలో అందరికీ ఊపిరి తిరిగింది. ఒక్క పాస్టరుగారు మాత్రం నేల చూపులు చూశాడు. ఆ రిపోర్టులో ఏముంటుందో ఆయనకూ తెలుసు.

మంగళవారం పదింటికి జాగ్రత్తగారు టేపూ టార్చిలైటూ నోటుపుస్తకమూ పట్టుకుని వచ్చాడు. గేటు పక్కన ఒకామె గోడకు భుజం ఆనించి నిలబడి, దుప్పటి అంచు చేత్తో కుడుతోంది. నలభై ఏళ్లుంటాయి.

"ఏమ్మా, ఇక్కడ నిలబడ్డావేం?"

"కూర్చునే యోగం లేదు బాబాయిగారూ." ఆమె గడ్డంతో మొలలవైపు చూపించింది. "ఈ ముళ్లు పెట్టించినాయన ఎవరోగాని మహా ముందుచూపున్న మనిషి. ఎక్కడ కాస్త నడుం వాలుస్తామోనని అంగుళాలు కొలిచి మరీ పెట్టించాడు. చూడండి, మా చెల్లెలి దుప్పటి చిరిగింది. నేను దర్జీని కాబట్టి సరిపోయింది."

నాలుగంగుళాల ఎడం ఉండాలని ఆ రిపోర్టులో రాసింది తనే. పెట్టించింది నేనేనమ్మా అనబోయి, నీళ్లు నమిలి, మాట మార్చాడు. "ఆ టీకొట్లో కూర్చోవచ్చు కదా."

"కూర్చోనిస్తారు, చేతిలో ఆసుపత్రి చీటీ కనబడేదాకా. కనబడ్డాక గ్లాసు రెండు వేళ్లతో పట్టుకుని తీసుకెళ్తారు."

"మీకు పరీక్షలు చేశారా?"

"నాకా? రెండుసార్లు చేశారు. మా ఇంట్లో పిల్లిని తప్ప అందర్నీ పరీక్ష చేశారు. ఉన్నది మా చెల్లెలొక్కదానికే." ఆమె దారం పంటితో తెంపింది. "ఆ మాట ఎవరికి చెప్తాం, ఎవరు వింటారు?"

ఆయన తాళం తీసి హాల్లోకి వెళ్లాడు. మూసిన గాలి ముఖాన కొట్టింది. రెండువైపులా కలిపి పన్నెండు కిటికీలు, పన్నెండూ మేకులతో బిగిసి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు దాకా ఒక్కడే తిరిగి, ప్రమాదాలన్నిటికీ అంకెలు వేసి రాసుకున్నాడు. బాత్రూం నేల జారుడు. వెనక తలుపు తుప్పుపట్టింది. ఫ్యాను వైరు ఎలుక కొరికింది. మొత్తం నలభై ఒకటి తేలాయి. నోటుపుస్తకం మూశాక అలవాటు ప్రకారం తృప్తిగా ఉండాలి. ఆరోజు ఎందుకో ఉండలేదు. గేటు దాటేటప్పుడు ఆమె అక్కడే ఉంది. కుట్టు అయిపోయి, ఊరికే నిలబడి ఉంది.

నలభై ప్రమాదాలకు మరమ్మతు ఉంది. నలభై ఒకటోది జబ్బు. దాని గురించి ఊహించి రాయడం ఆయన వృత్తిలో లేదు కాబట్టి, మర్నాడు రోడ్డు దాటి ఆసుపత్రిలో డాక్టరమ్మను కలిశాడు. ఆమె విసుక్కోకుండా అన్నీ చెప్పింది. బంధువులందరికీ పరీక్షలు చేస్తారు. మందులు సరిగ్గా పడుతున్న రోగి నుంచి జబ్బు అంటుకునే ప్రమాదం త్వరగానే తగ్గిపోతుంది. గాలీ వెలుతురూ బాగా ఉన్న గది ఈ జబ్బుకు శత్రువు.

"అంటే ప్రమాదం సున్నా అని రాసివ్వగలరా?" అని అడిగాడాయన, కలం తెరిచి.

"మీ ఇంట్లో మీ కుర్చీలో కూర్చుంటే ప్రమాదం సున్నా అని మీరు రాసివ్వగలరా?"

ఆయన నవ్వాడు. వృత్తిలో ఇలాంటి జవాబు తనే ఎంతోమందికి చెప్పాడు. కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చుని వాక్యం చదువుకోవడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఆవిడ చదువుతుంది, ఆయన కళ్లు మూసుకుని వింటాడు. శుక్రవారం నాటి భాగంలో ఒక కుష్ఠరోగి యేసు ముందు మోకరిల్లి, నీకిష్టమైతే నన్ను బాగుచేయగలవు అంటాడు. ఆవిడ నాలుగు వాక్యాలు చదివిందో లేదో, ఆయన కళ్లు తెరిచాడు.

"ఆగు. మళ్లీ చదువు."

ఆవిడ మళ్లీ చదివింది.

"ముట్టుకోవడం ముందా, బాగవడం ముందా?"

ఆవిడ వేలు పెట్టి చూసింది. "చెయ్యి చాచి ముట్టుకున్నాడు. ఆ తర్వాతే బాగయ్యాడు. ఏం?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. గోడ కూలాక నిప్పంటుకుందా, నిప్పంటుకున్నాక గోడ కూలిందా అన్నదాని మీద ముప్పై ఎనిమిదేళ్లు రిపోర్టులు రాశాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కనిపెట్టడమే ఆయన బతుకు. వందసార్లు విన్న కథలో ఆ వరస ఇంతవరకు ఆయన కంటపడలేదు.

"బాగుచేశాక ముట్టుకోవచ్చు కదా. దూరంగా నిలబడి మాటతోనే బాగుచేయొచ్చు, అలా చేసిన సందర్భాలూ ఉన్నాయి. రోగం ఒంటినిండా ఉండగానే ఎందుకు ముట్టుకున్నట్టు?"

"ఆ మనిషిని ఎన్నేళ్లుగానో ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి," అంది ఆవిడ, ఇందులో ఏముందన్నట్టు. "ఇది చెప్పడానికి సర్వేయరు కావాలేమిటండీ?"

ఆయన కాసేపు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. తర్వాత బల్ల ముందు కూర్చుని, రాసిన రిపోర్టుకు ఇంకో కాగితం కలిపి, మధ్యాహ్నం దాకా రాశాడు. రాశాక భార్యకు చూపించాడు. ఆవిడ మొత్తం చదివి, కింద సంతకం దగ్గర ఆగింది. "భయంగా లేదూ?" అని అడిగింది.

"ఉంది," అన్నాడు. "కానీ మనం చదివింది నిజమేనా కాదా అన్న అనుమానం లేదు."

ఆదివారం కమిటీ ముందు ఆయన మొదటి కాగితం చదువుతుంటే, ఒక్కో ప్రమాదానికీ తలలు ఊగాయి. ఇరవై దాటేసరికి హెడ్మాస్టరుగారు వాచీ చూసుకుని, "చాలు లెండి, అర్థమైంది" అన్నారు.

"ఇంకో కాగితం ఉంది," అన్నాడు జాగ్రత్తగారు. "ఒకటి: బాత్రూంలో గరుకు పలకలు వేయాలి. మా ఎదురింటి తాపీమేస్త్రి ఒప్పుకున్నాడు. రెండు: వెనక తలుపు. వెల్డరుతో మాట్లాడాను. మూడు..." నలభై దాకా ఆగకుండా చదువుకుంటూ పోయాడు. ఊగే తలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పాస్టరుగారు నెమ్మదిగా తల ఎత్తాడు.

"మరి నలభై ఒకటోది? జబ్బు సంగతి?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"కిటికీలన్నీ తెరవాలి. దగ్గు ఉన్నవాళ్లకు వరండాలో, గాలి తగిలేచోట కుర్చీలు వేయాలి. అప్పుడు చాలా తగ్గుతుంది. సున్నా మాత్రం కాదు."

"చూశారా, మీ నోటితో మీరే అన్నారు!"

"అన్నాను. మా వృత్తిలో దాన్ని మిగిలిన ప్రమాదం అంటాం. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా చివరికి కొంత మిగులుతుంది. దాన్ని ఎవరో ఒకరు మొయ్యాలి. ఇన్నాళ్లూ మన వాటా కూడా ఆ గోడ బయట నిలబడ్డవాళ్ల నెత్తినే పెట్టాం, దగ్గరుండి పెట్టించింది నేనే. ఇకమీదట నేను మోస్తాను. సోమవారం నుంచి శనివారం దాకా తొమ్మిదికి తాళం తీసేదీ, నాలుగింటికి వేసేదీ, మధ్యలో కూర్చునేదీ నేనే. అదుగో, సంతకం పెట్టాను."

"మీకేమైనా అయితే?"

"అవొచ్చు. నాకు అరవై ఆరు. ఇన్నేళ్లు నన్ను నేను భద్రంగా కాపాడుకుంటూ వచ్చాను. దేనికోసమయ్యా కాపాడుకున్నావని ప్రభువు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు."

ఆ మాట తర్వాత చేతులెత్తించారు. ఐదుగురు సరే అన్నారు, నలుగురు వద్దన్నారు. హెడ్మాస్టరుగారు లేచి, "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. మమ్మల్ని ఇక ఇక్కడ చూడరు" అని వెళ్లిపోయారు. ఆయన తప్పు మాట్లాడాడని జాగ్రత్తగారు అనుకోలేదు. ఆయన వెనకాలే వరండా దాకా వెళ్లి, "మీ పిల్లల భయం నాకూ తెలుసండీ" అని చెయ్యి పట్టుకుని పంపాడు.

హాలు తెరవడానికి ముందు శనివారం వెల్డరు వచ్చి మిషనుతో మొలలు కోస్తుంటే నిప్పురవ్వలు రోడ్డు మీదికి ఎగిరాయి. దర్జీ ఆమె దూరంగా నిలబడి చూస్తోంది. జాగ్రత్తగారు ఆమె దగ్గరికి నడిచాడు.

"అమ్మా, ఆరోజు చెప్పలేదు. ఆ ముందుచూపున్న మనిషిని నేనే."

ఆమె ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది. "నాలుగంగుళాలకు నాలుగంగుళాలే కొలిచారండీ. దర్జీలం, మేం కూడా అంత కచ్చితంగా కొలవం." నవ్వలేదు. "చెప్పారు కాబట్టి సరే. కుర్చీ మాత్రం నడుం నొప్పెట్టనిది ఇవ్వండి" అంది.

మొదటి రోజు ఆమె తప్ప ఎవరూ రాలేదు. జనానికి నమ్మకం కుదరలేదు. రెండో రోజు ఆమె వెళ్లి ఇద్దరిని లాక్కొచ్చింది. పదిహేను రోజులకు హాల్లో ముప్పైమంది ఉండేవారు. నిద్రపోయేవాళ్లు కొందరు, చిరిగినవి కుట్టుకునేవాళ్లు కొందరు. జాగ్రత్తగారు గుమ్మం పక్కన బల్ల వేసుకుని, ప్రతి గంటకూ లేచి పన్నెండు కిటికీలూ తెరిచే ఉన్నాయో లేదో చూసేవాడు. ఎవరైనా ఒక రెక్క మూస్తే ఒంటికాలి మీద లేచేవాడు. "ఈయన దేవుడి మనిషా, కిటికీల మనిషా?" అని దర్జీ ఆమె అందర్నీ నవ్వించేది.

ఖరీదు కూడా గట్టిగానే పడింది. హెడ్మాస్టరుగారి వెనకాల ఇంకో నాలుగు కుటుంబాలు వేరే మందిరానికి వెళ్లిపోయాయి. అంతకంటే లోతుగా తగిలింది కూతురి మాట. ప్రతి శనివారం మనవరాలిని తీసుకొచ్చే పిల్ల, ఫోను చేసి, రానంది.

"మీరు ఆ హాల్లో కూర్చున్నన్నాళ్లు పాపను తీసుకురాను నాన్నా. నన్ను అపార్థం చేసుకోకండి."

"డాక్టరమ్మతో మాట్లాడమ్మా, నంబరిస్తాను."

"డాక్టర్లు చెప్తారు. కన్నది నేను."

ఆయన ఫోను పెట్టేశాడు. భార్య ఎదురుగా కూర్చుంది. "మానేస్తారా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "నేనూ రేపట్నుంచి వస్తాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ గోడలు చూడలేను" అంది. మంచినీళ్ల కుండల పని ఆవిడ తీసుకుంది.

మూడో నెలలో ఒక బుధవారం పదకొండింటికి ఒక మనిషి హాల్లోకి తూలుతూ వచ్చాడు. లారీ డ్రైవరట. వేరే ఊరి డాక్టరు రాసిచ్చిన చీటీ చేతిలో ఉంది. ఇదే ఆసుపత్రి అనుకుని లోపలికి వచ్చేశాడు. రెండడుగులు వేశాడో లేదో దగ్గు తెర వచ్చింది. నోటికడ్డం పెట్టుకున్న తువ్వాలు ఎర్రబడింది. హాల్లో ఉన్నవాళ్లందరూ, జబ్బు మనుషుల మధ్యే బతుకుతున్నవాళ్లు కూడా, ఒక్కసారి గోడల వైపు జరిగారు. ఒక కుర్చీ బోర్లాపడింది.

జాగ్రత్తగారు జేబులోంచి మాస్కు తీసి కట్టుకున్నాడు. ముక్కు దగ్గర నొక్కి సరిచూసుకున్నాడు. ఆ తర్వాత నేరుగా వెళ్లి, పడిపోబోతున్న మనిషిని రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు.

"దూరం జరగండి సార్. నాది మంచి రోగం కాదు," అన్నాడు డ్రైవరు, ముఖం అటు తిప్పేసుకుని.

"తెలుసయ్యా. నా మీద బరువు వెయ్యి. వరండాలోకి పోదాం, అక్కడ గాలి ఉంది."

నడిపించుకుంటూ తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఎవరో ఆసుపత్రికి పరుగెత్తారు. స్ట్రెచరు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆయన పక్కనే కూర్చుని డ్రైవరు వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. దగ్గినప్పుడల్లా ఎముకలు ఆయన అరచేతికి తగిలాయి. ఏం చేయాలో తోచక, పైకే ప్రార్థన చేశాడు. మందిరంలో కూడా మనసులోనే ప్రార్థించుకునే మనిషి, రోడ్డున పోయేవాళ్లందరూ వింటుండగా, "ప్రభువా, ఈ తమ్ముడికి ఊపిరివ్వు" అన్నాడు. గొంతు వణకలేదు. అది ఆయనకే ఆశ్చర్యమైంది.

డాక్టరమ్మ ఆయనకు చీవాట్లు పెట్టి, ఎనిమిది వారాలాగి పరీక్ష చేయించుకోమంది. ఈ వార్త కూతురికి ఎలా చేరిందోగాని, సాయంత్రం నాలుగింటికి ఆయన తాళం వేస్తుండగా ఆ పిల్ల గేటు దగ్గర దిగింది. ముఖం ఎర్రగా ఉంది.

"నాకు సైకిలు నేర్పలేదు మీరు. పడతానన్నారు. ఈత నేర్పలేదు, మునుగుతానన్నారు. స్నేహితులతో కలిసి ఒక్క ఊరు వెళ్లనివ్వలేదు. అలాంటి మీరు ముక్కూముఖం తెలియని వాణ్ని పట్టుకుని కూర్చుంటారా? మీకు ఏదైనా అయితే నేనేం కావాలి?"

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "సైకిలు నేర్పకపోవడం నా తప్పమ్మా," అన్నాడు. "ఈత కూడా. నీకేమీ కాకూడదనుకున్నాను. నీకేమీ కాలేదు, నిజమే. కానీ నీకు నేనిచ్చిందల్లా నా భయమే. పాపకు కూడా అదే మిగలడం నాకిష్టం లేదు."

ఆమె కోపంగానే ఏడ్చింది. ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఎనిమిది వారాలు కాలేదు కాబట్టి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని రెండడుగుల దూరంలోనే నిలబడ్డాడు. అది చూసి ఆమెకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. "మీరు మారలేదు నాన్నా," అంది.

పరీక్షలో ఏమీ లేదని తేలింది. తర్వాతి శనివారం మనవరాలు ఇంటికి వచ్చింది. కూతురు హాల్లో మాత్రం అడుగుపెట్టలేదు. ఆయనా అడగలేదు. వెళ్లిపోయిన ఐదు కుటుంబాల్లో ఒకటి తిరిగొచ్చింది. హెడ్మాస్టరుగారు రాలేదుగాని, స్కూల్లో పాతవైన ముప్పై బెంచీలు పంపించారు, ఒక్క మాట కూడా రాయకుండా. దర్జీ ఆమె చెల్లెలు కోలుకుని ఇంటికి వెళ్లింది. కోలుకోనివాళ్లూ ఉన్నారు. అలాంటి రోజుల్లో పాస్టరుగారూ ఆయనా కలిసి ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చునేవారు.

ఏడో నెలలో లారీ డ్రైవరు తన కాళ్ల మీద నడుచుకుంటూ హాలుకు వచ్చాడు. ఒళ్లు చేశాడు, గడ్డం గీసుకున్నాడు. బల్ల ముందు నిలబడి, "ఆరోజు మీ వాళ్లంతా వెనక్కి జరిగారు సార్. మీరెందుకొచ్చారు? మంచం మీదున్నన్నాళ్లూ అదే ఆలోచించాను" అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో జాగ్రత్తగారు తన ప్రభువు పేరు ఆఫీసులో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎవరేమనుకుంటారోనని, ప్రమోషన్ల దగ్గర ఎక్కడ అడ్డొస్తుందోనని. ఇప్పుడు ఎదురుగా కుర్చీ లాగి, "కూర్చో, చెప్తాను" అన్నాడు. యేసు గురించి చెప్పాడు. కుష్ఠరోగిని బాగుచేయకముందే ముట్టుకున్న సంగతీ, ఆ వరస తను అరవై ఆరో ఏట గమనించిన సంగతీ, అంతకుముందు గోడ మీద మొలలు పెట్టించిన సంగతీ, ఏదీ దాచకుండా చెప్పాడు. పక్క కుర్చీల్లో వాళ్లు కూడా వింటున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

డ్రైవరు చివరిదాకా విన్నాడు. "నేను గుళ్లూ గోపురాలూ ఎరగను సార్. లారీ ఎక్కితే ఏ ఆదివారం ఎక్కడుంటానో నాకే తెలీదు."

"రమ్మని అడగలేదయ్యా. నువ్వడిగావు, నేను చెప్పాను."

"చెప్పారు." డ్రైవరు లేచి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు. తర్వాత వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడో లేదో ఎవరికీ తెలియదు. ఆ హాల్లో చాలామంది ముఖాలు అలాగే వచ్చి అలాగే వెళ్తుంటాయి.

జాగ్రత్తగారు ఆరోజు గుమ్మం దాకా వెళ్లి అతన్ని సాగనంపాడు. గేటు బయట గోడ అంచు మీద ఒక ముసలాయనా ఆయన కోడలూ కూర్చుని, లోపలికి రావచ్చో లేదోనని చూస్తున్నారు. చేతిలో ఆసుపత్రి చీటీ మడిచి దాచుకున్నారు.

"లోపలికి రండి," అని ఆయన పిలిచాడు. "కిటికీ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి."